ఓడల్ని దాచే రూల్స్ దండగ కాదు

బరంపురం, పర్లాకిమిడి వైపు బల్ల మీద యుద్ధం ఆటలు ఆడే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నౌకా యుద్ధం ఆటలో ఓడల్ని ఎదుటివాడికి కనబడకుండా దాచే రూల్స్ దండగ అని దాని సారాంశం. నిజం యుద్ధాల్ని తేల్చింది ఫిరంగులేనట. దాచితే గెలుపు అదృష్టం పాలవుతుందట. పైగా అంపైర్ లేకుండా దాచడం కుదరదట. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇది నమ్మి ఆ పేజీలు తిప్పేస్తున్నారు, అదే నా బాధ.

ఫిరంగుల సంగతికి జవాబు మన తీరంలోనే ఉంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇంకా ఇక్కడే ఉందనిపించేలా పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఘాజీ ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల మాట వేరు, ఆ పేచీ మనకిక్కడ అక్కర్లేదు. విక్రాంత్ ఎక్కడుందో ఘాజీకి తెలియదు, అంతే.

తెలియకపోవడం కన్నా తప్పుగా తెలియడం ఇంకా ప్రమాదం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మే 7న, ఆస్ట్రేలియా దగ్గరి కోరల్ సముద్రంలో జపాన్ విమానాలు నియోషో అనే అమెరికా చమురు ఓడను చూసి విమానవాహక నౌక అని కబురు పంపాయి. ఆ మాట నమ్మి 78 విమానాలు బయల్దేరాయి. అమెరికా అసలు వాహక నౌకలు వేరే చోట ఉన్నాయి. బొమ్మలన్నీ బల్ల మీద బాహాటంగా పెట్టి ఆడితే ఇలాంటి పొరపాటు ఎవరైనా ఎలా చేస్తారు?

అదృష్టం అన్న మాట మరీ అన్యాయం. గోపాల్‌పూర్ ఇసుకలో నిలబడితే మన కంటికి సముద్రపు అంచు 5 కిలోమీటర్ల లోపే. లోపలికి పోయే ఫైబర్ బోటుకి ముందు అడుగుభాగం మాయమవుతుంది, ఆ తర్వాతే పైన ఉన్న మనిషి. అదే 25 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే అంచు దాదాపు 18 కిలోమీటర్లకు జరుగుతుంది. అంటే కాపలా మనిషిని ఎక్కడ నిలబెట్టాలి, విమానాన్ని ఏ దిక్కుకి పంపాలి అన్నవి బుర్ర పెట్టి తేల్చుకోవాల్సినవి. రాడార్ సంగతీ అంతే. దాని తరంగం వెళ్లి తిరిగి రావాలి. శత్రువు రిసీవర్‌కి వెళ్లేది చాలు, అందుకే మనం అతన్ని చూసేలోపే అతను మనల్ని పసిగట్టవచ్చు. ఆన్ చెయ్యాలా వద్దా అన్న ఆ టెన్షన్ పాచికతో తీరేది కాదు.

ఇక అంపైర్. 1942లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ బృందం నేల మీద సుద్దతో గీతలు గీసి, కాన్వాయ్‌లకు, అంటే గుంపుగా వెళ్లే సరుకు ఓడలకు, కాపలా కాసే అధికారులకు శిక్షణ ఇచ్చింది. వాళ్లు గుడ్డ తెరలోని సందుల్లోంచి చూసేవారు. జలాంతర్గాముల దారి ఆకుపచ్చ సుద్దతో గీసేవారు, అక్కణ్ణుంచి అది కనబడేది కాదు. అక్కడ నడిపించే సిబ్బంది ఉన్న మాట నిజమే. మనకి అట్టముక్కలు చాలు.

అయిదు ఓడలుంటే పది ముక్కలు కత్తిరించండి. అయిదింటి అడుగున ఓడ పేరు, మిగతా అయిదింటికి ఇంటూ మార్కు. అన్నీ ఒకేలా బోర్లించి కదపాలి. దూరం నుంచి చూసినవాడికి ‘పెద్దది’, ‘చిన్నది’, ‘ఏమీ లేదు’ అని మాత్రమే జవాబు. చెప్పేవాడు చాటుగా పాచిక వేస్తాడు, ఒకటి పడితే అబద్ధం చెప్పొచ్చు. దగ్గరికొస్తే ముక్క తిప్పాలి, ఓడైతే దాని చోట బొమ్మ పెట్టాలి. ఆట కాస్త నిదానిస్తుంది, కాదనను. పడిన అంకెలు ఓ కాగితం మీద రాసుకుని, ఆట అయ్యాక ఎదుటివాడికి చూపిస్తే తగాదా ఉండదు.