దగ్గొద్దన్నారు, ఎందుకో చెప్పలేదు

పెద్ద జబ్బు చేస్తే మద్రాసు బండెక్కడం నెల్లూరు వాళ్లకు తాతల నాటి అలవాటు. గ్రీమ్స్ రోడ్డు లాడ్జీల్లో తెలుగు బాగానే నడుస్తుంది. సీటీ గది తలుపు మూశాకే భాష మారుతుంది.

మా బాబాయికి ఊపిరితిత్తిలో గడ్డ కనబడితే, అక్కడి ఓ ఆసుపత్రిలో సీటీ గైడెడ్ బయాప్సీ, అంటే స్కాన్‌లో చూస్తూ సూదితో గడ్డ ముక్క తీసి పరీక్షించడం, చేయాలన్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. న్యూమోథొరాక్స్ గురించి, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం గురించి, బాగానే చెప్పారు. నలుగురైదుగురిలో ఒకరికి వస్తుంది, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, కొందరికి ట్యూబ్ వేయాలి. అదే కాగితంలో ఉన్న ఎయిర్ ఎంబాలిజం, అంటే రక్తనాళంలోకి గాలి పోవడం, దాని మీద వేలు పెడితే, "అది చాలా రేర్ సార్, టెన్షన్ పడకండి" అన్నారు.

రేరే, కాదనను. లక్షణాలు కనబడే స్థాయిలో వెయ్యి మందిలో ఒకరికి కూడా రాదు. వస్తే మాత్రం క్షణాల్లో వస్తుంది. సూది మొన సిరలో ఉండగా రోగి గట్టిగా ఊపిరి పీల్చితే బయటి గాలి సూదిలోంచి లోపలికి పోవచ్చు. పక్కనున్న శ్వాసనాళానికీ సిరకూ సూది దారి చేసిందనుకోండి, ఒక్క దగ్గుతో గాలి అందులోకి ఎగదన్నుతుంది. అక్కణ్నుంచి గుండె ఎడమ వైపుకు, ఆపైన మెదడుకో గుండె రక్తనాళాలకో. కాస్త గాలి చాలు, పక్షవాతానికో గుండెపోటుకో.

బాబాయి బయటికొచ్చి చెప్పిందిది: "మూచ్చ పిడిచ్చుకోంగ అన్నాడ్రా, సరేనని గట్టిగా పీల్చా." ఊపిరి బిగబట్టమంటే ఆయన పీల్చాడు! అదృష్టం, అప్పటికింకా స్కానే, సూది దిగలేదు.

ఎక్కడో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ చెప్పి రోగిని బెదరగొట్టి, అవసరమైన వైద్యం వద్దనేలా చేయనక్కర్లేదని 2008లో సుప్రీంకోర్టు ఓ తీర్పులో అంది. సగమే ఒప్పుకుంటాను. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకోవడమూ అరుదే, దానికి రోగి చేయగలిగిందేమీ లేదు, చెప్పకపోయినా పెద్దగా పోయేది లేదు. ఇక్కడ అలా కాదు. ప్రమాదం కొంతవరకు రోగి ఊపిరిలోనే ఉంది. దాన్ని దాచి "దగ్గొద్దు" అంటే, ఆయనకది బడిలో పంతులు మాటలా వినబడింది.

బల్ల ఎక్కించక ముందు రెండు నిమిషాలు తెలుగులో ఊపిరి బిగబట్టడం ప్రాక్టీస్ చేయిస్తే చాలు. దగ్గొచ్చేలా ఉంటే చెయ్యి ఎత్తాలా, నోటితో చెప్పాలా? బాబాయి అడిగింది అదొక్కటే. ఆ పూట అక్కడ తెలుగొచ్చినవాడు స్ట్రెచర్ తోసే కుర్రాడొక్కడే, అతను గది బయటే ఆగిపోయాడు.