గోకూ ఎంతమంది పెట్టు?

తిరునాళ్లకు బండలాగుడు పోటీ పెడితే ఒంగోలు ప్రాంతంలో ఎడ్ల జతలను చూపుకు తగినట్టు కలిపి వదిలేయరు. ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తారు. రెండు పళ్ల జతకు రెండు పళ్ల జతే పోటీ, ఆరు పళ్లవాటికి ఆరు పళ్లవే. బండ బరువు ముందే చెబుతారు. గడియారం పెడతారు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో కొలిచాకే మైకులో పేరు వినబడుతుంది. ఇంత కొలత పెట్టినా వాదన మాత్రం ఆగదు. నేల మెత్తగా ఉందని ఒకరు, తోలినవాడికి చేతకాలేదని ఒకరు, పోయినేడు ఇదే జత ఇంతకంటే బరువైన బండ లాగిందని ఇంకొకరు. పోటీ అయిపోయి వారం గడిచినా టీ కొట్టు దగ్గర ఆ మాటే.

అదే టీ కొట్టులో పక్క బెంచీ మీద ఈ పెద్దమనుషుల మనవళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లదీ బలాబలాల వాదనే, కాకపోతే జపాను బొమ్మల సిరీస్‌ల (అనిమే), బొమ్మల పుస్తకాల (మాంగా) వీరుల మీద. "ఏందిరా అబ్బయ్యా, సైతామా ముందు గోకూ నిలుస్తాడా?" అని ఒకడు. "నో డిఫ్‌లో (ఏ కష్టం లేకుండా) కొట్టేస్తాడు, నువ్వు మాంగా చదివావా అసలు?" అని ఇంకొకడు. పెద్దలు ఒకసారి తల తిప్పి చూసి, బొమ్మల పిచ్చి అని మళ్లీ ఎద్దుల దగ్గరికి వెళ్లిపోతారు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనైనా, కావలి స్టేషన్ బయటైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా కథ ఇదే. పక్క బెంచీ మాటలు ఒకసారి వినండని పెద్దలను అడగడానికే మేమిది రాస్తున్నాం.

ఈ పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. డోరెమాన్, షిన్‌చాన్ తెలుగులో మాట్లాడుతుంటే అన్నం తిన్నవాళ్లే పెద్దవాళ్లయ్యారు. ఇప్పుడు జుజుత్సు కైసెన్ అనే అనిమే కూడా తెలుగు డబ్బింగ్‌తో దొరుకుతోంది. 2025 సెప్టెంబరు 12న డీమన్ స్లేయర్ సినిమా మన హాళ్లకు వచ్చినప్పుడు తెలుగు మాటలతోనూ వచ్చింది. కమల్‌హాసన్ పాత్రలకు తెలుగు గొంతు ఇచ్చిన బాలసుబ్రహ్మణ్యాన్ని మావాడని చెప్పుకునే నెల్లూరుకు, పరాయి బొమ్మ తెలుగులో మాట్లాడటం వింత కాకూడదు.

ఇక వాదన సంగతి. బయటినుంచి వింటే కేకల్లాగే ఉంటుంది గానీ లోపల ఒక పద్ధతి ఉంది. పాత్ర కథలో నిజంగా చేసి చూపించినదాన్ని వీళ్లు 'ఫీట్' అంటారు. కొండ పగలగొట్టాడా, చంద్రుణ్ణి పేల్చాడా, ఏ పేజీలో? ఎవరో ఒకరు అతని గురించి అన్న మాటను 'స్టేట్‌మెంట్' అంటారు, దానికి విలువ తక్కువ. ఫలానావాణ్ణి వీడు ఓడించాడు, ఆ ఫలానావాడు కొండ పగలగొట్టాడు, కాబట్టి వీడూ పగలగొట్టగలడు అని లెక్క కడితే అది 'స్కేలింగ్'. టీవీ కోసం మధ్యలో అతికించిన ఎపిసోడ్లు ఫిల్లర్, సాక్ష్యంగా చెల్లవు. మన తర్కశాస్త్రం చదివినవారికి ఇది కొత్తగా ఉండదు. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం. ప్రమాణాల పేర్లు మారాయి, వరస మారలేదు. పదహారేళ్ల పిల్లవాడు 'అది స్టేట్‌మెంట్ మాత్రమే, ఫీట్ చూపించు' అంటున్నాడంటే, శబ్దప్రమాణం చాలదు, ప్రత్యక్షం కావాలంటున్నాడన్నమాట. శాసనసభలో ఈ మాట అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో పాఠకులకే వదిలేస్తున్నాం.

బలాన్ని అంకెల్లో కొలవాలన్న సరదాకు డ్రాగన్ బాల్ పెట్టింది పేరు. అకిరా తోరియామా 1984లో మొదలుపెట్టిన, గోకూ వీరుడైన ఆ కథలో శత్రువులు కంటికి ఒక పరికరం తగిలించుకుని ఎదుటివాడి బలం ఇంత అని చదువుతారు. గోకూ బలం 8,000 దాటిందని శత్రువు వెజీటా అరిచిన ఘట్టం లోకమంతా తెలుసు. కాకపోతే ఇంగ్లీషు డబ్బింగ్‌లో అది 9,000 అయింది, ఆ తప్పు అంకే ప్రపంచమంతా పాకింది. తర్వాత ఇంకో శత్రువు ఫ్రీజా వచ్చి నా బలం 5,30,000 అన్నాడు. అక్కణ్ణుంచి అంకెలకు అర్థం పోయింది. గోకూ వాళ్లు బలాన్ని దాచుకోవడం నేర్చుకున్నాక ఆ పరికరం చూపేదంతా అబద్ధమే. కొలత మీద నడిచిన కథే కొలతను పక్కన పెట్టేసిందన్నమాట. అవతల వన్ పంచ్ మ్యాన్ కథానాయకుడు సైతామాది ఇంకో తమాషా. ఎవణ్ణయినా ఒక్క గుద్దుతో పడగొట్టేస్తాడు, అందుకే వాడికి జీవితం మీద విసుగు. బలానికి హద్దు లేకపోతే పోరాటంలో రుచి ఉండదని నవ్వడానికి పుట్టిన పాత్ర అది. అతన్ని తెచ్చి గోకూ పక్కన నిలబెట్టి కొలవడమంటే జోకును తూకం వేయడమే. ఈ సంగతి పిల్లలకు తెలియక కాదు. తెలిసే వాదిస్తారు, అందులోనే వాళ్ల ఆనందం.

ఇదంతా జపాను నుంచి దిగుమతైన జబ్బు అనేవారికి నెల్లూరి కవినే చూపించాలి. మనుమసిద్ధి కొలువులో తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో ఉద్యోగపర్వం ఒకటి. యుద్ధం ముందు దుర్యోధనుడు భీష్ముణ్ణి అడుగుతాడు, రెండు వైపులా ఉన్నవారిలో ఎవరి సత్తా ఎంత అని. తాత వరసగా చెబుతాడు. ఇతడు రథికుడు, ఇతడు అతిరథుడు, ఇతడు మహారథుడు. భీముడు ఎనిమిది మంది రథికుల పెట్టు అంటాడు. అశ్వత్థామ దగ్గరికి వచ్చేసరికి ఆగుతాడు. విలువిద్యలో వాడికి సాటి లేడు, కానీ ప్రాణం మీద తీపి ఎక్కువ, అందుకే వాణ్ణి లెక్కలో వేయలేను అంటాడు. ఒక్క వాక్యంలో పాత్ర గుండె తెరిచి చూపే లెక్క ఇది. పళ్లు చూసి, బండ తూచి చెప్పగలిగేది కాదు.

తర్వాత కర్ణుడి వంతు. కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది, కాబట్టి వీడు అర్ధరథుడు అన్నాడు భీష్ముడు. ద్రోణుడు వంత పాడాడు: డంబాలు పలుకుతాడు గానీ ప్రతి పోరులోనూ వెన్ను చూపించాడు. అంటే స్టేట్‌మెంట్లు చాలా ఉన్నాయి, ఫీట్లు లేవు. కర్ణుడు మండిపడ్డాడు. ఈ ముసలాయన ఉన్నంతకాలం ఆయుధం పట్టను అన్నాడు. పట్టలేదు కూడా. ఒక తక్కువ మార్కు వల్ల కురుక్షేత్రంలో మొదటి పది రోజులు కౌరవుల పక్షాన కర్ణుడు లేడు.

అంతకుముందు విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం సంగతి కూడా ఇలాంటిదే. అర్జునుడు ఒక్కడే రథం మీద వెళ్లి భీష్ముణ్ణి, ద్రోణుణ్ణి, కర్ణుణ్ణి, అశ్వత్థామను ఒకే పూటలో తిప్పికొట్టాడు. పిల్లల భాషలో 'సోలో చేశాడు'. చివర్లో సమ్మోహనాస్త్రం వేసి నిద్రపుచ్చాడు కదా, అది బలం కిందకు వస్తుందా, హ్యాక్స్ (బలంతో పనిలేని మాయశక్తి) కిందకు వస్తుందా? ఈ ప్రశ్న ఆ బెంచీ మీద వేసి చూడండి, సాయంత్రం గడిచిపోతుంది. మనకు అన్నీ ముందే ఉన్నాయని చెప్పుకుని మురిసిపోవడానికి ఈ మాట ఎత్తలేదు. రెండు బెంచీల మీదా ఒకే పని జరుగుతోందని చూపడానికి ఎత్తాం.

ఎడిట్లది ఇంకో లోకం. అనిమే ముక్కలను పాటకు కలిపిన ఇరవై సెకన్ల వీడియో. పాట బీటు పడినచోట గుద్దు పడాలి, నెమ్మదించాల్సిన చోట నెమ్మదించాలి, చివరి దెబ్బకు తెర అదరాలి. దీని వెనక ఎంత పని ఉంటుందో ఒకసారి పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి గానీ చాలా అనిమేలో అన్ని బొమ్మలు గీయరు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12, మూడు నిలిపితే 8. అందుకే ఉన్నదున్నట్టు స్లో మోషన్ చేస్తే బొమ్మ గతుకుల రోడ్డు మీద బస్సులా ఎగురుతుంది. ఒకే బొమ్మ మళ్లీ వచ్చిన ఫ్రేములను ఏరి తీసేసి, మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో పుట్టించి, అప్పుడు వేగం తగ్గించాలి. పాత ఫోనులో, రాత్రి పదకొండింటికి, వేడెక్కి ఆగిపోతుంటే మళ్లీ మొదలుపెట్టి ఈ పని చేసే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. ఇంటర్ హాస్టల్లో ఉండేవాడికైతే ఔటింగ్ రోజు తప్ప ఫోను చేతికి రాదు. వారమంతా నోటుపుస్తకం వెనక అట్ట మీద కట్లు (ఏ ముక్క ఎక్కడ కోయాలో) రాసుకుని, ఆదివారం కూర్చుంటాడు. దీంతో ఉద్యోగం వస్తుందా అని అడగడం మనకు అలవాటు. పెళ్లి వీడియోల స్టూడియోలకు ఇలాంటి చేతులు ఎప్పుడూ కావాలి కాబట్టి, వస్తుందనే చెప్పవచ్చు. రాకపోయినా ఏం? బండలాగుడు ఎద్దు వల్ల ఏం మిగిలిందని ఏ రైతునైనా అడిగామా?

రెండు ముక్కలను అతుకు కనబడకుండా కలపడాన్ని వీళ్లు ట్రాన్సిషన్ అంటారు. ఆ విద్యలో మనకు గురువు ఎర్రన. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు, తిక్కన విరాటం నుంచి అందుకున్నాడు. మిగిలిన ఖాళీని అద్దంకి రెడ్డిరాజు కొలువులోని ఎర్రన పూరించాడు. నన్నయలా మొదలుపెట్టి మెల్లగా తిక్కన ధోరణిలోకి తెచ్చాడని పండితులు చెబుతారు. తన పేరు ముందుకు తేకుండా నన్నయ రచనగానే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపించాడు.

ఈ పేరు సంగతి దగ్గరే పిల్లలతో మాకు పేచీ. నా ఎడిట్‌ను ఎవడో వాటర్‌మార్క్ కోసేసి రీపోస్ట్ చేశాడని గగ్గోలు పెడతారు. న్యాయమే. మరి ఆ గుద్దును గీసినవాళ్ల పేరు మీ వీడియో కింద ఉందా? డీమన్ స్లేయర్ యూఫోటేబుల్ స్టూడియో పని, జుజుత్సు కైసెన్ మాప్పా పని, వన్ పంచ్ మ్యాన్ మొదటి సీజన్ మ్యాడ్‌హౌస్ పని. ఒక్క లైను రాస్తే సరిపోతుంది. పేరు రాసినంత మాత్రాన హక్కు వచ్చేయదు, అది వేరే విషయం. 1957 నాటి కాపీరైట్ చట్టం విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, సినిమా పాట మీద బొమ్మలు పరిచిన ప్రతి వీడియో ఆ గొడుగు కిందకు రాదు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. రెండేళ్ల కష్టం ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాక ఏడ్చేకంటే ఈ ముక్క ముందే తెలుసుకోవడం మంచిది.

రెండో పేచీ ఇంకాస్త పెద్దది. ఎడిట్ వకీలు లాంటిది, దాన్ని సాక్షి అనుకుంటున్నారు. తన పాత్ర కొట్టిన మూడు సెకన్లు చూపిస్తుంది, తిన్న ఇరవై నిమిషాల దెబ్బలు చూపించదు. సిరీస్ చూడకుండా ఎడిట్లు మాత్రమే చూసి వాదనకు దిగేవాళ్లు ఎక్కువయ్యారు. జుజుత్సు కైసెన్‌లోని గోజో, సుకునా పోరు గురించి గొంతు చించుకునేవారిలో ఆ అధ్యాయాలు వరసగా చదివినవారెందరు? (పుస్తకం చదవకుండా తెర మీదే చూసేవారి కోసం ఆ ఫలితం ఇక్కడ చెప్పడం లేదు. స్పాయిలర్ చెప్పి తన్నులు తినే ధైర్యం ఈ పత్రికకు లేదు.) ఆధారం అయిపోగానే నోరు అందుకుంటుంది. ఎదుటివాడి అమ్మను, కులాన్ని, ఊరిని లాగుతారు. ఎడిట్లు చేసే ఆడపిల్లలకైతే వచ్చే మెసేజీలు ఇక్కడ అచ్చువేయలేం. వాళ్లు పేర్లు మార్చుకుని, గొంతు వినిపించకుండా పని చేసుకోవాల్సి వస్తోంది. వాదనలో ఓడిపోయినవాడు 'సరే, ఆ పేజీ నేను చూడలేదు' అనే ఒక్క మాట అంటే సగం గొడవలు అక్కడే చల్లారతాయి. ఆ మాట పెద్దల నోటి నుంచి ఎప్పుడైనా విన్నారా అని వాళ్లు అడిగితే మా దగ్గరా జవాబు లేదు.

అందుకే జిల్లా గ్రంథాలయ సంస్థలను ఒకటి కోరుతున్నాం. ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సుతో నడిచే హాళ్లు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం, హాస్టల్ పిల్లల ఔటింగ్ రోజు చూసి, ఆ హాలు వీళ్లకు ఇవ్వండి. ఒక తెర, ఒక ప్రొజెక్టర్ చాలు. ఎడిట్లు వేసుకోనివ్వండి. తర్వాత వాదన. బండలాగుడు పోటీలోలాగే నియమాలు ముందే చెప్పాలి: పేజీ చూపించనిదే మాట చెల్లదు, తిట్టినవాడు ఆ రోజుకు బయటికి. ఆడపిల్లలకు ముందు వరస. ఖర్చు టీలకు అయ్యేదే. బల్ల మీద మాంగా పక్కన తిక్కన ఉద్యోగపర్వం కూడా ఒక ప్రతి ఉంచండి. చదవమని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ రథికుల లెక్క ఉన్న పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెడితే చాలు.

భీముడు ఎనిమిది మంది పెట్టు అని భీష్ముడు అన్నప్పుడు, ఆ ఎనిమిది ఎలా వచ్చిందని కౌరవుల్లో ఒక్కరూ అడగలేదు. పక్క బెంచీ పిల్లలు మాత్రం అడుగుతారు.