గుండమ్మను చూసి నవ్వడం తప్పా?

సంక్రాంతి మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో ‘గుండమ్మ కథ’ వచ్చింది. సినిమా అయిపోయి అందరూ లేచారు. మేనత్త, మేనకోడలు మాత్రం కుర్చీలు వదల్లేదు.

మేనకోడలు: అత్తయ్యా, ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. నాకు మాత్రం సగంలోనే నవ్వు ఆగిపోయింది. సవతి కూతుర్ని పనిమనిషిలా చూడటం తప్పే, కాదనను. కానీ ఈ సినిమా నవ్వేది ఆ తప్పును చూసి కాదు, గుండమ్మ నోరు చూసి. భర్త లేని ఆడది గట్టిగా మాట్లాడితే వింత, చివర్లో ఆమె తల వంచితే సంతోషం. అంతేగా?

అత్త: అంతే అయితే 1962లో వచ్చిన సినిమాను ఇప్పటికీ ఎవరు చూస్తారమ్మా? గయ్యాళి అత్తలు మన సినిమాల్లో కొల్లలు. ఎంతమంది గుర్తున్నారు నీకు?

మేనకోడలు: పాటల కోసం చూస్తారు. ఘంటసాల సంగీతం, పింగళి మాటలు. ‘ఎంత హాయి ఈ రేయి’ వస్తుంటే నేనూ కళ్ళు తిప్పలేదు.

అత్త: పాటలు సరే. ఆ రోజుల్లో ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు, ఎస్వీ రంగారావు ఒకే సినిమాలో ఉంటే పేరు ఎవరి మీద పెడతారు? రామారావుకు అది నూరో సినిమా కూడా. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి మాత్రం సూర్యకాంతం వేసిన పాత్ర పేరు పెట్టారు. కథ ఎవరిదో వాళ్ళకు తెలుసు.

మేనకోడలు: పేరు పెట్టినంత మాత్రాన గౌరవించినట్టా? ఊళ్ళో వాళ్ళు వెక్కిరించడానికి కూడా పేరు పెడతారు.

అత్త: అయితే ఆమెను సరిగ్గా చూడు. నేను మొదటిసారి ఈ సినిమా చూసింది మా ఊరి టూరింగ్ టాకీసులో, నేల టిక్కెట్టు మీద, మా అమ్మ ఒళ్ళో కూర్చుని. అందరితోపాటు నవ్వాను, ఎందుకు నవ్వానో అప్పుడు తెలియదు. తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకటి గమనించాను. సూర్యకాంతం ఎక్కడా నవ్వించాలని చూడదు. మన వైపు తిరిగి ‘చూశారా ఎలా తిట్టానో’ అన్నట్టు ఒక్క చూపు కూడా విసరదు. ఆ ఎడమచెయ్యి తిప్పడం, ఆ విసురు, అన్నీ ఆ ఇల్లు తన గుప్పిట్లోంచి జారిపోతుందేమోనని కంగారుపడే మనిషివి. భర్త పోయిన ఇల్లు. పెళ్ళి కావలసిన కన్నకూతురు. ఆ కూతురిని తన కొడుక్కు కట్టబెట్టి ఆస్తి చుట్టేయాలని పక్కనే కాచుకుని ఉన్న రమణారెడ్డి. ఆ భయం నిజం కాబట్టే తిట్టు పేలుతుంది. ఇక ఛాయాదేవి, గుండమ్మ మీదే పెత్తనం చేసే దుర్గగా ఆ ఇంట్లో అడుగుపెట్టాక చూడు. అంతవరకూ ఇల్లంతా మోగిన గొంతు తగ్గిపోతుంది, మనిషే కుంచించుకుపోయినట్టు ఉంటుంది. ఒకే సినిమాలో అరిచీ నెగ్గింది, అరవలేకా నెగ్గింది. అది వెక్కిరింత అయితే అక్కడ మన గొంతు ఎందుకు పట్టేస్తుంది? ఆమెను అక్కడ కాపాడేది ఎవరు? తాను బండచాకిరీ చేయించుకున్న సవతి కూతురు లక్ష్మే. సావిత్రి ఆ సినిమా అంతా ఓర్పుగా దాచుకున్న కోపాన్ని అక్కడ బయటపెడుతుంది, అది కూడా సవతి తల్లి తరఫున!

మేనకోడలు: నటన గొప్పదే. సూర్యకాంతం మీద నాకు పేచీ లేదు. కానీ అంత గొప్పగా నటించినందుకు ఆమెకు ఏం దక్కింది? ఆమె పేరు పిల్లలకు పెట్టుకోవడమే మానేశారు. గడుసు ఆడపిల్ల కనిపిస్తే ‘సూర్యకాంతం’ అనేవారు, తిట్టుగా. నన్నూ అన్నారు, ఈ ఇంట్లోనే.

అత్త: ఎవరన్నారు?

మేనకోడలు: మీరే. ఎనిమిదో తరగతిలో.

అత్త: అన్నానా? అని ఉంటాను, తల్లీ. తప్పే. ఆవిడ మాత్రం అలాంటి మనిషి కాదు. సెట్‌కు ఇంటి వంటలు తెచ్చి అందరికీ పెట్టేదని తోటి నటులు ఎంతమంది చెప్పుకున్నారో!

మేనకోడలు: అదిగో, మళ్ళీ వంట పెట్టిందంటేనే మంచి ఆడది. ఆవిడ నోటి కోసమే మెచ్చుకోకూడదా?

అత్త: నేను మెచ్చుకుంటున్నది దాన్నే కదా! పొద్దుటి నుంచీ!

మేనకోడలు: సరే, గుండమ్మను వదిలేద్దాం. ఆమె కన్నకూతురు సరోజ సంగతి చెప్పండి. జమున పొగరుగా ఉంది, నిజమే. దానికి నాగేశ్వరరావు ఏం చేశాడు? డబ్బున్నవాడినని నమ్మించి పెళ్ళి చేసుకుని, తర్వాత గతిలేనివాడిలా నాటకమాడి, ఆమె చేత తోటపని చేయించి దారికి తెచ్చాడు. కోడలికి బుద్ధి చెప్పడానికి మామగారు, కొడుకు కలిసి ఆడిన ఆట. ఆ ఆట చూసే మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె కన్నీళ్ళు మాత్రం ఆట కాదు. అక్కడ మన ఇంట్లో మగవాళ్ళందరూ నవ్వారు. నేను వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను.

అత్త: ఆ భాగం నేను సమర్థించను. జమున మొహంలో ఆ అవమానం చూసినప్పుడల్లా నాకూ ఇబ్బందే. పొగరు అణచడం అనే ముచ్చట షేక్‌స్పియర్ నాటకాల నాటి నుంచీ ఉంది. పాతది కాబట్టి మంచిదనను. కానీ ఆ పక్కనే లక్ష్మిని చేసుకున్న అంజి, మన రామారావు ఉన్నాడు కదా. అయిదేళ్ళ ముందు ‘మాయాబజార్’లో కృష్ణుడు. ఊళ్ళలో పటాలు కట్టి దండం పెట్టిన మొహం. ఆయన నిక్కరు వేసుకుని, రోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ ‘లేచింది నిద్ర లేచింది మహిళాలోకం’ అని పాడాడు. పంచాయతీల్లో, చట్టసభల్లో ఆడవాళ్ళు కూర్చుంటున్నారని పాడుతూ రుబ్బాడు. మా నేల టిక్కెట్టు ఆడవాళ్ళు ఆ పాటకు ఎలా చప్పట్లు కొట్టారో నువ్వు చూడలేదు.

మేనకోడలు: అంజి కూడా జమీందారు కొడుకే, అత్తయ్యా. ఎప్పుడు కావాలంటే అప్పుడు రోలు వదిలి లేచిపోగలడు. లక్ష్మి లేవలేదు. అయినా నాన్న ఒక్కసారైనా రోలు పట్టడం మీరు చూశారా?

అత్త: మీ నాన్నా? మా అన్నయ్య మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగలేదు. అందుకే ఆ పాట నాకంత ఇష్టం. మా కళ్ళతో చూసిన రుబ్బే మగాడు అతనొక్కడే. వేషమే కావచ్చు. ఆ వేషం వేయడానికి అంత పెద్ద నటుడు ఒప్పుకుని, సూర్యకాంతం చేత తిట్లు తింటూ, ఒక్కచోట కూడా తన పెద్దరికం కనబడనివ్వలేదు. ఎదుటివాడు అలా తగ్గి నిలబడ్డాడు కాబట్టే ఆమె తిట్టు అంత ఎత్తుకు లేచింది.

మేనకోడలు: తగ్గడం కూడా నటనే అంటారు.

అత్త: ఆ సినిమాలో అన్నిటికంటే కష్టమైన నటన అదే.

మేనకోడలు: సరోజ విషయంలో నా మాట మారదు.

అత్త: మార్చుకోవద్దు. రేపు మీ నాన్న ముందు కూడా అదే చెప్పు, నేను పక్కనే ఉంటాను.

మేనకోడలు: అయితే ఆ రోలు పాట మీ ఫోనులో పెట్టండి. నాన్నను కూడా పిలుస్తాను.