యాంజియోగ్రాంలో కనబడని గుండెజబ్బు

ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలతో అత్యవసర విభాగానికి చేరిన అరవై దాటిన మహిళకు ఈసీజీ తీస్తే గుండెపోటు గుర్తులే కనిపిస్తాయి, రక్తపరీక్షలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ప్రోటీన్) పెరిగి ఉంటుంది, తీరా యాంజియోగ్రాం చేసి చూస్తే ఇంత ప్రమాదానికి కారణం అనదగ్గ పూడిక ఏ రక్తనాళంలోనూ ఉండదు. స్టెంటు అక్కర్లేదన్న మాటతో ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. అది సహజమే. కానీ ఆస్పత్రి మెట్లు దిగకముందే ఆ ఊరట ‘ఏమీ లేదట, టెన్షన్ పడిందంతే’ అన్న తీర్పుగా మారిపోతే, ఆ తీర్పును ఆమె ఏళ్ల తరబడి మోయాల్సి వస్తుంది. గుండె వైద్యానికి పేరుపడ్డ హైదరాబాద్‌లో ఈ మహిళలకు కొరవడుతున్నది శస్త్రచికిత్సా నైపుణ్యం కాదనీ, వారికీ వారి కుటుంబాలకూ చెప్పవలసిన నాలుగు మాటలనీ మేము భావిస్తున్నాము.

ఈ జబ్బు పేరు టకోట్సుబో కార్డియోమయోపతి. 1990లో జపాన్ వైద్యులు దీన్ని తొలిసారి వర్ణించారు. ఎక్కువమందిలో ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే గుండె గది) కొనభాగం ఉన్నట్టుండి సంకోచించే శక్తిని కోల్పోయి ఉబ్బుతుంది, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) పరీక్షలో ఆ మార్పు స్పష్టంగానే తెలుస్తుంది. అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఒక్కసారిగా వెల్లువెత్తి గుండె కండరాన్ని దెబ్బతీస్తాయన్నది బలంగా వినిపించే వివరణ. 2015లో వెలువడిన అంతర్జాతీయ రిజిస్ట్రీ (ఈ జబ్బు రోగుల వివరాల నమోదు) అధ్యయనంలోని 1,750 మంది రోగుల్లో దాదాపు 90 శాతం స్త్రీలే, వారిలో అత్యధికులు రుతుక్రమం ఆగిపోయిన వయసువారు. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో షాక్, మరణం వంటి ముప్పు గుండెపోటు రోగులతో సమానంగానే ఉందని ఆ అధ్యయనమే తేల్చింది. ఇంతటి జబ్బును పట్టుకుని ఏమీ లేదనడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

టెన్షన్ అన్న మాట కూడా సగం నిజమే. అదే అధ్యయనంలో ఆప్తుల మరణం, భయం, గొడవ వంటి మానసిక ఆఘాతం తర్వాత జబ్బుపడినవారు సుమారు 28 శాతం కాగా, శస్త్రచికిత్స, శ్వాసకోశ వ్యాధి, ఇన్ఫెక్షన్ వంటి శారీరక కారణాలతో జబ్బుపడినవారు 36 శాతం. ఏ కారణమూ దొరకనివారు మరో 28 శాతానికి పైగా ఉన్నారు. అయినా ఇంట్లో విచారణ ఆగదు. ‘ఏం ఆలోచించావు, ఎవరేమన్నారు, అంత మనసుకు ఎందుకు తీసుకున్నావు’ అని వచ్చేపోయే చుట్టాలంతా అడుగుతారు; కోడలి వల్లనో కొడుకు వల్లనో వచ్చిందని ఎవరో ఒకరు తేల్చేస్తారు; చివరికి ఓర్పు లేకపోవడమే ఆమె తప్పవుతుంది. కారణమే లేకుండా జబ్బుపడ్డ మహిళ సైతం అడిగినవారికి జవాబు చెప్పడం కోసం తన జీవితంలో ఏదో ఒక దుఃఖాన్ని వెతుక్కోవాల్సి రావడం ఎంత అన్యాయం! మధుమేహం వచ్చిన మగవాణ్ని మనం ఇలా నిలదీయం.

నిజంగానే దుఃఖం ఉన్న ఇంట్లో ప్రమాదం మరో రూపంలో వస్తుంది. భర్త దినకర్మలు ముగియకముందే భార్య గుండె పట్టుకుని కూలబడితే, ఏడ్చి ఏడ్చి నీరసించిందనుకుని ఇంత మజ్జిగ తాగించి పడుకోబెడతారు. చావింట్లో తన నొప్పి గురించి ఏం చెప్పుకుంటామని ఆమే ఊరుకుంటుంది. అది గుండెపోటా, టకోట్సుబోనా అన్నది ఇంట్లో ఎవరూ తేల్చలేరు, ఒక్క ఈసీజీతో వైద్యులూ తేల్చలేరు. వెంటనే 108కి ఫోన్ చేయడం ఒక్కటే దారి.

ఇంటికి చేరాక మొదలయ్యే కష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చాలామందిలో కొన్ని వారాలకే గుండె పంపింగ్ మామూలు స్థాయికి వస్తుంది, ఆ ఎకో రిపోర్టుతో అందరూ నిశ్చింతగా ఉంటారు. అయితే స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం, జబ్బుపడి ఏడాది దాటినవారిలోనూ వ్యాయామ సామర్థ్యం తగ్గి ఉందనీ, గుండె కండరం శక్తిని సమకూర్చుకునే తీరులో లోపం మిగిలే ఉందనీ చూపింది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడే మహిళ నటించడం లేదు. కాస్త గుండెదడ వస్తే మళ్లీ అదేనేమోనని హడలిపోవడం అకారణమూ కాదు, ఎందుకంటే కొద్దిమందిలో ఈ జబ్బు నిజంగానే తిరగబెడుతుంది, దాన్ని నివారిస్తుందని నిరూపితమైన మందు ఇంకా లేదు. అమెరికా నుంచి ఫోన్‌లో ‘రిపోర్టులన్నీ బాగున్నాయి కదమ్మా’ అనే పిల్లలకు ఈ సంగతి తెలియదు. నాలుగిళ్లలో వంట చేసే మహిళకైతే విశ్రాంతి తీసుకోమన్న సలహా పాటించడమే కష్టం, నెల రోజులు నాగా పెడితే ఆ ఇళ్లలో మరొకరు కుదిరిపోతారు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. మంచి నిర్ణయం. ఈ మహిళలకు కావలసింది అంత ఖరీదైనది కాదు. డిశ్చార్జి కాగితంపై జబ్బు పేరును తెలుగులోనో ఉర్దూలోనో స్పష్టంగా రాసి, ఇది గుండె కండరానికి తగిలిన దెబ్బ అని కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పాలి. కొన్ని వారాల తర్వాత ఎకో, ఆపైన క్రమం తప్పని పరీక్షలు, పర్యవేక్షణలో వ్యాయామం అందాలి. మానసిక తోడ్పాటు కోరేవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 చెప్పాలి, అయితే అది కార్డియాలజిస్టు వద్దకు తిరిగి రానవసరం లేదన్న సంకేతం కాకూడదు. బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగరు చూసే వైద్యులకు ఈ జబ్బుపై శిక్షణ ఇవ్వడానికి ప్రభుత్వం కొత్తగా భవనాలు కట్టనక్కర్లేదు. నగరంలోని కార్డియాలజీ విభాగాలు మందుల చీటీపై ‘టెన్షన్ తగ్గించుకోవాలి’ అని రాసి సరిపెట్టకుండా, తదుపరి ఎకో తేదీనీ, అనుమానం వస్తే ఫోన్ చేయవలసిన నంబరునూ కూడా దానిపైనే రాసి ఇవ్వాలి.