ముందు గెలిచినవాణ్ని తేల్చుకోండి, కొలబద్ద తర్వాత వెతుకుదాం

అమెరికాలో తెమలని సమస్యలు చాలా ఉన్నాయి. గ్రీన్ కార్డ్ క్యూ ఉంది, ఆస్పత్రి బిల్లులు ఉన్నాయి. వాటికైనా ఎప్పుడో ఒకప్పుడు దారి దొరుకుతుందేమో గానీ, కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప కోచ్ ఎవరన్నది మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేల్చలేడు. 1913లో పుట్టిన బేర్ బ్రయంటా, 1951లో పుట్టిన నిక్ సాబనా, 1888లో నార్వేలో పుట్టి ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డామ్ యూనివర్సిటీలో దేవుడైపోయిన నూట్ రాక్నీనా? ఒకరి కాలంలో టీవీ లేదు, ఇంకొకరి కాలంలో నల్లజాతి ఆటగాళ్లు లేరు (లేరంటే పుట్టలేదని కాదు, రానివ్వలేదు), మరొకరి కాలంలో కుర్రాళ్లకి బహిరంగంగానే కోట్లు ముడుతున్నాయి. అయినా పోల్చాల్సిందే. పోల్చకుండా వదిలేస్తే మ్యాచ్‌లు జరిగే శనివారాల మధ్య ఆరు రోజులు ఎలా గడుస్తాయి?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ఇది హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. ఆడేది చదువుకుంటున్నట్టు రికార్డుల్లో ఉన్న కుర్రాళ్లు. టస్కలూసాలో అలబామా యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మంది పడతారు, ఊరి జనాభా కూడా దాదాపు అంతే. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ పెద్ద జీతం గవర్నర్‌ది కాదు, ఏదో ఒక యూనివర్సిటీ కోచ్‌ది. కాబట్టి ఇది పిల్లలాట అనుకోకండి, పరిపాలనా వ్యవహారం.

ఈ శాస్త్రాన్ని శ్రద్ధగా గమనించిన మీదట నాకు అర్థమైన పద్ధతి ఇది. ముందు మీ కోచ్‌ని ఎంచుకోవాలి, ఆ తర్వాత అతను గెలిచే కొలబద్దని వెతకాలి. ఈ వరస తప్పితే మీ కోచ్ ఓడిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువ మంది వాడేది టైటిళ్ల కొలబద్ద. సాబన్‌కి ఏడు జాతీయ టైటిల్స్, లూయిసియానాలోని ఎల్‌ఎస్‌యూ యూనివర్సిటీలో ఒకటి, అలబామాలో ఆరు. బ్రయంట్‌కి ఆరు, అన్నీ అలబామాలోనే. ఆరు కంటే ఏడు ఎక్కువ కదా, ఇంక గొడవేముంది అని అడిగేవాడికి ఈ ఆట గురించి ఏమీ తెలీదని అర్థం. ఎందుకంటే ఇందులో చాలా కాలం ఛాంపియన్ ఎవరో మైదానంలో తేలలేదు, ఓట్లలో తేలింది. 1936 నుంచి ఏపీ ఓట్లు (అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ పెట్టే విలేకరుల ఓటింగ్ అండీ, మన ఏపీ కాదు), 1950 నుంచి కోచ్‌ల ఓట్లు కూడా. 1964లో ఓటింగ్ ముందే ముగించి అలబామాకి కిరీటం పెట్టేశారు, ఆ తర్వాత ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో అలబామా వెళ్లి టెక్సస్ యూనివర్సిటీ చేతిలో ఓడిపోయింది. కిరీటం ఎవరూ వెనక్కి అడగలేదు, వీళ్లూ ఇవ్వలేదు. 1973లో కోచ్‌ల ఓట్లతో వచ్చిన టైటిల్‌దీ అదే కథ, కాకపోతే ఈసారి ఓడించింది నోటర్ డామ్. 1978 ఇంకా ముచ్చటైనది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌కి వచ్చి మరీ అలబామాని కాలిఫోర్నియా జట్టు యూఎస్‌సీ ఓడించింది. విలేకరులు ఓడిన అలబామాకి ఓటేశారు, కోచ్‌లు గెలిచిన యూఎస్‌సీకి ఓటేశారు, రెండు ఊళ్లలోనూ పండగ చేసుకున్నారు.

ఇంతటితో అయిపోలేదు. 1941లో అలబామా రెండు మ్యాచ్‌లు ఓడింది, ఏపీ పోల్‌లో 20వ స్థానం. అయితే 1980ల్లో యూనివర్సిటీవాళ్లు పాత కాగితాలు తిరగేస్తే, ఎవరో వేసిన ఒక లెక్క ప్రకారం ఆ ఏడాది మొదటి ర్యాంకు తమదేనని కనబడింది. వెంటనే ఖాతాలో జమ చేసుకున్నారు. మిగతా లెక్కలన్నీ తప్పని, అదొక్కటే నికార్సైనదని అనుకోవాలి కాబోలు. ఫ్లోరిడాలోని యూసీఎఫ్ అనే యూనివర్సిటీ కూడా 2017లో ఇదే దారి పట్టింది. 13 మ్యాచ్‌లాడి 13 గెలిచినా టైటిల్ తేల్చే ప్లేఆఫ్ మ్యాచ్‌లకి అంతకుముందే పిలుపు దక్కకపోవడంతో, తమని తామే జాతీయ ఛాంపియన్‌గా ప్రకటించుకుని డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు తీశారు, కోచ్‌లకి బోనస్‌లు కూడా ఇచ్చారు. దీనికి అలబామావాళ్లు పడీపడీ నవ్వారు. ఆ ఏడాది అలబామాని అదే రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీ ఓడించింది, ఆబర్న్‌ని యూసీఎఫ్ ఓడించింది, అసలు టైటిల్ అలబామాకి వెళ్లింది. ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే బుర్ర వేడెక్కుతుంది, నేనైతే మానేశాను.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక గృహప్రవేశంలో ఈ శాస్త్రం మన ఇళ్లలోకి ఎంతవరకు వచ్చిందో చూశాను. తోడల్లుళ్లు ఇద్దరు. పెద్దాయన టస్కలూసాలో ఎంఎస్ చేశాడు, చిన్నాయన ఆబర్న్‌లో. సత్యనారాయణ వ్రతం అయింది, ప్లేట్లలో పులిహోర, బొబ్బట్లు పడ్డాయి, పెద్దాయన మొదలెట్టాడు.

"సాబన్ లాంటి కోచ్ మళ్లీ పుట్టడు తమ్ముడూ. ఆ ప్రాసెస్, ఆ డిసిప్లిన్... స్కోర్ బోర్డు చూడొద్దు, చేస్తున్న పని చూడు అంటాడు. మా టీమ్ మీటింగ్‌లో కూడా నేనదే చెప్తా."

"అన్నయ్య గారూ, 2013 నవంబర్ 30న స్కోర్ బోర్డు మీద గడియారం చూసిందెవరండీ?"

పెద్దాయన బొబ్బట్టు కింద పెట్టేశాడు. విషయం తెలియనివాళ్లకి: ఆ రోజు ఇద్దరి యూనివర్సిటీల మధ్య మ్యాచ్, స్కోరు 28-28, టైం అయిపోయింది. ఇంకా ఒక సెకను మిగిలిందని సాబన్ పట్టుబట్టాడు, రీప్లే చూసి రిఫరీలు ఆ సెకను వెనక్కిచ్చారు. ఆ ఒక్క సెకనులో 57 గజాల నుంచి అలబామా కొట్టిన ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) అందాకా చేరలేదు. గోల్ స్తంభాల ముందు కాచుకుని ఉన్న ఆబర్న్ కుర్రాడు క్రిస్ డేవిస్ బంతి పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి పరిగెత్తేశాడు. 34-28.

"అది కిక్కర్ తప్పు," అన్నాడు పెద్దాయన.

గమనించారా, గెలిచినవన్నీ కోచ్ ఖాతాలోకి, ఓడినవన్నీ పంతొమ్మిదేళ్ల కుర్రాళ్ల ఖాతాలోకి. ఇంత గౌరవంగా ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో అత్తగారికి అర్థం కాలేదు. "ఎవరు బాబూ ఈ సాబన్, మీ మేనేజరా?" అని అడిగింది. "మేనేజర్ గురించైతే ఇంత మర్యాదగా మాట్లాడతామా అత్తయ్యా," అన్నాడు చిన్నాయన.

ఈ ఇద్దరూ నయం, బొబ్బట్టుతో ఆగారు. అలబామా అభిమాని ఒకాయన తన బిడ్డల్లో ఒకరికి బేర్ బ్రయంట్ అని, ఇంకొకరికి జట్టు పేరు క్రిమ్సన్ టైడ్ అని పెట్టుకున్నాడు. అక్కడితో తృప్తి పడక, 2010 చివర్లో ఆబర్న్ ఊరి నడిబొడ్డున ఉన్న రెండు పాత ఓక్ చెట్లకి కలుపు మందు పోశాడు. ఆబర్న్‌వాళ్లు గెలిచినప్పుడల్లా టాయిలెట్ పేపర్ విసిరి పండగ చేసుకునే చెట్లవి. చేసినవాడు ఊరుకున్నాడా, మారు పేరుతో రేడియో షోకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. 1983లో బ్రయంట్ చనిపోయినప్పుడు ఆబర్న్‌వాళ్లు ఆ చెట్ల దగ్గరే సంబరం చేసుకున్నారన్నది ఆయన బాధ. కోచ్ పోయి ఇరవై ఏడేళ్లు, మందు పోసిన చేతికి ఇంకా వేడి తగ్గలేదు. చివరికి చెట్లు పోయాయి, ఆయన జైలుకెళ్లాడు.

సరే, టైటిల్స్ వద్దు, గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య చూద్దాం అంటారు ఇంకొందరు. అదీ చూద్దాం. పెన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ జో పటెర్నోకి 409. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన అసిస్టెంట్ కోచ్ పిల్లల మీద లైంగిక అత్యాచారాలు చేశాడని 2011లో బయటపడింది, పటెర్నోని తీసేశారు. శిక్షగా 2012లో కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఆయన ఖాతాలోంచి 111 విజయాలు కొట్టేసింది, 2015లో కేసు సెటిల్ చేసుకుని మళ్లీ కలిపేసింది. దేశంలో ఆవేశంగా సాగిన వాదన ఏమిటయ్యా అంటే, ఆయన లెక్క 298 అనాలా 409 అనాలా అని. ఆ పిల్లల గురించి అడగడానికి ఏ కొలబద్దలోనూ గీత లేదు.

అదే సంఖ్యల వరసలో ఎడ్డీ రాబిన్సన్ ఉన్నాడు. లూయిసియానాలో గ్రాంబ్లింగ్ అనే చిన్న నల్లజాతి కాలేజీలో 1941 నుంచి 1997 దాకా కోచ్. 408 విజయాలు. 1985లో బ్రయంట్ 323ని దాటేశాడు. దాటిన క్షణం నుంచి, అప్పటిదాకా సంఖ్యే సర్వస్వం అన్న పెద్దలకి కొత్త సందేహం పుట్టింది: గెలిచాడు సరే, ఎవరి మీద గెలిచాడు? పెద్ద జట్లతో ఆడలేదు కదా? నిజమే, ఆడలేదు. ఆయన పనిలో చేరిన రోజుల్లో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, దక్షిణాదిలో ఆ పెద్ద జట్లు నల్లవాళ్లని మైదానంలోకే రానివ్వలేదు, రానివ్వని జట్లతో ఆడలేదన్నది ఆయన లోపం. బ్రయంట్ 1961, 64, 65 టైటిల్స్ పూర్తిగా తెల్ల జట్టుతో గెలిచినవే. 1970లో యూఎస్‌సీ జట్టు బర్మింగ్‌హామ్ వచ్చి, శామ్ కనింగ్‌హామ్ అనే నల్ల కుర్రాడు 135 గజాలు దున్నేసి 42-21తో ఓడించి వెళ్లాకే ఊళ్లో జనానికి నెమ్మదిగా వెలిగింది. బ్రయంట్ అప్పటికే ఒక నల్ల కుర్రాణ్ని తీసుకున్నాడు, అది ఆయనకి దక్కాల్సిన మార్కే, కాదనను. కానీ రాష్ట్రంలో సగం మంచి ఆటగాళ్లని గేటు బయట నిలబెట్టి ఆడుకున్న కాలాన్ని, అందరూ ఆడే కాలంతో ఒకే తక్కెడలో పెట్టి, పాత రోజుల్లో పోటీ గట్టిగా ఉండేదండీ అని నిట్టూర్చేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది.

సంఖ్యలు కలిసి రానివాళ్ల కోసం ఇంకొకటి ఉంది. వ్యక్తిత్వ నిర్మాణం. 1954లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో కోచ్‌గా చేరిన బ్రయంట్, కుర్రాళ్లని జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లి, కరువు నేల మీద, మండుటెండలో, నీళ్లు కూడా సరిగ్గా ఇవ్వకుండా పది రోజులు తోమాడు. చాలా మంది రాత్రికి రాత్రే పారిపోయారు, ఒకడు వడదెబ్బకి చావు దాకా వెళ్లొచ్చాడు. మిగిలినవాళ్లు ఉక్కు మనుషులయ్యారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఉక్కు మనుషులు ఆ సీజన్‌లో ఒకటి గెలిచి తొమ్మిది ఓడారు. ఒహాయో స్టేట్‌లో వుడీ హేస్ కూడా వ్యక్తిత్వాలు నిర్మించినవాడే, మిలిటరీ చరిత్ర కంఠతా వచ్చు. 1978 గేటర్ బౌల్‌లో అవతలి జట్టు కుర్రాడు తమ బంతిని పట్టేశాడని, దేశమంతా టీవీలో చూస్తుండగా వాడి మెడ మీద గుద్దాడు. మర్నాడు ఉద్యోగం పోయింది. గుద్దు తిన్న కుర్రాడి వ్యక్తిత్వం ఎంత ఎదిగిందో ఎవరూ రాయలేదు.

చదువు కొలబద్ద తెద్దామా? అదైతే అమోస్ అలోంజో స్టాగ్ కొట్టుకుపోతాడు. షికాగో యూనివర్సిటీలో 1892 నుంచి 1932 దాకా కోచ్, బతికింది 102 ఏళ్లు. ఆయన వెళ్లాక 1939లో యూనివర్సిటీ, చదువుకి అడ్డమని, పెద్ద స్థాయి ఫుట్‌బాలే ఎత్తేసింది. ఆయన పేరున్న స్టేడియంలో గ్యాలరీల కింద 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటి అణు చైన్ రియాక్షన్ నడిపింది. టీవీ లేదు, టికెట్ లేదు, చీర్‌లీడర్లు లేరు. ఇంత ఫలితం వచ్చిన మ్యాచ్ ఆ మైదానంలో ఇంకోటి లేదు గానీ, స్టాగ్ రికార్డులో దాన్ని కలపలేదు.

డబ్బు లెక్కలో మాత్రం వాదన అక్కర్లేదు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. కాంట్రాక్ట్ ప్రకారం, ఇంక రావద్దు అని చెప్పినందుకు ఆయనకి ఇవ్వాల్సింది 75 మిలియన్ డాలర్ల పైమాటే. సాబన్ ఏడు టైటిల్స్ కోసం తెల్లారకముందే లేచేవాడు, ఈయన లేవక్కర్లేకుండానే తెచ్చుకున్నాడు. ఇదే యూనివర్సిటీలో పిల్లల్ని చేర్పించి, ఫీజు రసీదు చూసి నీళ్లు తాగే మన డాలస్ తండ్రులు "అయినా మంచి కోచ్ లేకపోతే కాలేజీకి పేరెలా వస్తుందండీ" అంటారు.

ఇక నా ఓటు. జార్జియా టెక్ కోచ్ జాన్ హైస్‌మన్, ఇప్పుడు ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే ట్రోఫీ ఆయన పేరునే ఉంది. 1916లో టెనసీలోని కంబర్లాండ్ కాలేజీ తన ఫుట్‌బాల్ జట్టుని ఎత్తేసింది, జార్జియా టెక్‌తో ముందే ఒప్పుకున్న మ్యాచ్ ఆడలేమంది. హైస్‌మన్ ఒప్పుకోలేదు, ఒప్పందం ప్రకారం వచ్చి ఆడండి, లేదా 3000 డాలర్లు కట్టండి అన్నాడు. వస్తే 500 డాలర్లిస్తానన్నాడు. ఏ జట్టు ఎన్ని పాయింట్లు చేసిందో చూసి గొప్పదనం తేల్చే విలేకరుల పద్ధతి ఎంత పనికిమాలినదో నిరూపించాలని కూడా ఆయనకి ఉందట. అక్టోబర్ 7న నిరూపించాడు. స్కోరు 222-0. హాఫ్‌టైంకే 126. ఆ మ్యాచ్‌ని విలేకరులు ఈ రోజుకీ చరిత్రలో అతి పెద్ద విజయంగా, పాయింట్లతో సహా రాస్తారు.

నా ఓటు హైస్‌మన్‌కి కాదు. కంబర్లాండ్ తరఫున స్నేహితుల్ని, హాస్టల్ కుర్రాళ్లని పోగేసి, రైలెక్కించి అట్లాంటా తీసుకెళ్లి, ఆ 222 తిని వచ్చిన జార్జ్ అలెన్ అనే స్టూడెంట్ మేనేజర్‌కి. లేని జట్టుతో వెళ్లి, కాలేజీకి 3000 డాలర్ల జరిమానా తప్పించి, పైన 500 సంపాదించి తెచ్చాడు. కోచ్ కాదు కదా అని అభ్యంతరం చెప్పేవాళ్లు ముందు 1941 టైటిల్ వెనక్కిచ్చి రావాలి.