మెదడులో నరం చిట్లితే కోనసీమ నుంచి ఎటు వెళ్లాలి?

రాజోలు వైపు ఎవరికైనా అర్ధరాత్రి ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు మొదలైతే ముందు వచ్చేది ఊళ్లో ఆర్ఎంపీ. బీపీ చూస్తాడు, ఎక్కువే ఉంటుంది. ఇంజెక్షన్ చేసి పడుకోమంటాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, తలనొప్పుల్లో నూటికి తొంభై తొమ్మిది మామూలువే. కానీ మెదడు రక్తనాళంలో ఉబ్బిన చోటు, అంటే అన్యూరిజం, చిట్లిన నొప్పి క్షణాల్లో తారస్థాయికి వెళ్తుంది. 6 గంటల్లోపు తలకి సీటీ స్కాన్ తీస్తే రక్తం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. ఆలస్యమైతే దొరక్కపోవచ్చు. మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆపరేషన్ ఖర్చు భయాన్ని చాలావరకు తీర్చింది. అయితే అది ఆపరేషన్ బల్ల దగ్గర లెక్క. అమలాపురం నుంచి కాకినాడ పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి, అక్కడ కుదరకపోతే విశాఖకి రిఫర్ చేస్తూ పోతే ప్రతిచోటా కొత్త చీటీ, కొత్త క్యాజువాలిటీ. గంటలు కరిగేది అక్కడే.

అలాగని జిల్లాకో న్యూరో క్యాథ్ ల్యాబ్ (రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి మెదడుకి చికిత్స చేసే గది) పెట్టమనడం నాకు నచ్చదు. శంకుస్థాపనకు బాగుంటుంది గానీ, ఏడాదికి నాలుగు కేసులు చేసే చోట చేయి తిరగదు. ఎక్కువ కేసులు చేసే ఆసుపత్రుల్లో మరణాలు తక్కువని చాలా దేశాల అనుభవం. 2002లో వెలువడిన ఐశాట్ పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. ఉబ్బును మూసే రెండు పద్ధతులూ సరిపోయే రోగుల్లో, ఏడాది తర్వాత చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడ్డవారు కలిపి, రక్తనాళంలోంచి వెళ్లి ఉబ్బును సన్నని తీగచుట్టలతో నింపే కాయిలింగ్‌లో సుమారు 24 శాతం, పుర్రె తెరిచి ఉబ్బు మొదట్లో క్లిప్పు బిగించే క్లిప్పింగ్‌లో 31 శాతం. అయినా కొన్ని ఉబ్బులకు క్లిప్పే గతి. కాబట్టి రెండూ తెలిసిన బృందం ఒకే కప్పు కింద, రాత్రీ పగలూ ఉండాలి. డెల్టా మొత్తానికి అలాంటిది ఒక్కటి చాలు. అమలాపురంలో రాత్రి తీసిన సీటీని ఆ బృందం ఫోన్‌లోనే చూసి, బెడ్ ఖాయం చేసి, దారిలో బీపీ ఎంతలో ఉంచాలో చెబితే అంబులెన్స్ నేరుగా అక్కడికే వెళ్తుంది.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. ఆపరేషన్ బాగానే జరిగిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నాక అసలు టెన్షన్ మొదలవుతుంది. సుమారు నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయి పక్షవాతం రావచ్చు. అందుకే నిమోడిపిన్ మాత్రలు నాలుగు గంటలకోసారి చొప్పున 21 రోజులు. తెల్లవారుజామున రెండు గంటల మాత్ర కూడా తప్పకూడదు. వార్డులో నర్సులు సరిపడా లేకపోతే ఆ పని రోగి అక్కకో, కొడుక్కో పడుతుంది. పథకం ప్యాకేజీలో కాయిల్‌కి లెక్క కట్టినట్టే ఆ రాత్రి డ్యూటీ నర్సుకీ లెక్క కట్టాలి.