జీవిత చరిత్రలు చదివితే 30 రోజుల్లో ఇంగ్లీషా?

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజీ. "కోచింగులకు డబ్బు తగలేయకండి. రోజుకో మహానుభావుడి జీవిత చరిత్ర ఇంగ్లీషులో చదవండి. తెలియని ప్రతి మాటకీ డిక్షనరీ చూసి అర్థం రాసుకోండి. గ్రామర్ జోలికి పోవద్దు. పేరాలు బట్టీ పట్టండి. లింకన్ ఇలాగే నేర్చుకున్నాడు. 30 రోజుల్లో అనర్గళంగా మాట్లాడతారు." పంపేవాళ్లలో టీచర్లూ ఉన్నారు, అదీ బాధ.

లింకన్ మాతృభాషే ఇంగ్లీషు. ఆ ముచ్చట అక్కడితో సరి.

రోజుకో చరిత్రట! పగలంతా షాపులోనో సైటు మీదో పనిచేసి వచ్చేవాళ్లకు వారానికి ఒకటి చాలు, అదీ 150 మాటలు దాటకుండా.

అసలు కొంప ముంచేది డిక్షనరీ సలహా. లెక్క వేయండి. పేజీకి 300 మాటలు. చదివేవాళ్లకు నూటికి 80 వచ్చనుకున్నా 60 రావు. ఒక్కోదానికి నిమిషం చొప్పున పేజీకి గంట. మూడో రోజుకి పుస్తకం అటకెక్కుతుంది, "మనకిక ఇంగ్లీషు రాదు" అన్న నమ్మకం మాత్రం గట్టిపడుతుంది. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసుండాలన్నది భాష నేర్పే రంగంలో ఎక్కువగా వాడే లెక్క. టీచరు పక్కనుంటే 95 దాకా దిగొచ్చు. అంటే 150 మాటల పాఠంలో కొత్తవి ఏడు.

పోనీ ఓపిగ్గా చూశారే అనుకుందాం. "ఇన్ 2002, కలాం సక్సీడెడ్ నారాయణన్ యాజ్ ప్రెసిడెంట్." సక్సీడ్ అంటే విజయం సాధించడమని నోట్సులో ఎక్కుతుంది. ఇంకేం, కలాం గారు నారాయణన్ గారిని చిత్తుగా ఓడించేశారు! ఆ ఎన్నికలో కలాం మీద నిలబడింది లక్ష్మీ సెహగల్. నారాయణన్ పదవీకాలం ముగిసి తప్పుకున్నారు, అంతే. ఇక్కడ సక్సీడెడ్ అంటే ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చారని. సర్వ్డ్, రెయిజ్డ్, లెఫ్ట్... జీవిత చరిత్రల నిండా ఇలా చోటుని బట్టి అర్థం మారే మాటలే. వీటిని విడిగా కాదు, వాక్యంతో సహా రాసుకోవాలి.

ఇక గ్రామర్ జోలికి పోవద్దట. మనం పోకపోయినా కలాం చరిత్ర మొదటి వాక్యంలోనే అది ఎదురొస్తుంది: "హి వాజ్ బార్న్ ఇన్ రామేశ్వరం ఆన్ 15 అక్టోబర్ 1931." చూసి బాగానే చదువుతారు. పుస్తకం మూయించి చెప్పమనండి, "హి బార్న్ ఇన్" అంటారు. మనకు "పుట్టాడు" ఒక్కటే సరిపోతుంది కాబట్టి వాజ్ ఎగిరిపోతుంది. ఉత్త ఏడాదికి ఇన్, తేదీ ఉంటే ఆన్. రెండు నిమిషాల్లో చెప్పేదాన్ని దాచిపెట్టి బావుకునేదేమిటో. పైగా కలాం లాంటి పోయినవాళ్ల చరిత్రంతా "హి"తో, భూతకాలంలో నడుస్తుంది. మధ్యలో పీవీ సింధు లాంటివాళ్లను తెస్తే "షి ప్లేస్", "షి హాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్" లాంటివి కూడా నోటికొస్తాయి.

బట్టీ విషయంలో మాత్రం మెసేజీ రాసినాయన వైపే నా ఓటు. ఆ మాట వినగానే ముక్కు విరిచే టీచర్లతో నాకు పడదు. పేరాలకు పేరాలు వద్దుగానీ "ఐ వాజ్ బార్న్ ఇన్", "ఐ గ్రూ అప్ ఇన్", "ఐ స్టడీడ్ అప్ టు", "ఐ హావ్ బీన్ వర్కింగ్ యాజ్" కంఠతా వచ్చాయంటే, సొంత ఊరూ చదువూ పనీ తగిలించుకుని ఇంటర్వ్యూలో గట్టెక్కుతారు.

అన్నీ చెప్పిన మెసేజీలో లేనిదల్లా నోరు తెరవడం. క్లాసులో ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టండి. ఒకరు కలాం, ఒకరు విలేకరి, ముందే రాసుకున్న ఐదు ప్రశ్నలు. "వేర్ డిడ్ యు స్టడీడ్?" అని అడగడం ఖాయం. మధ్యలో ఆపి దిద్దకండి, బిగుసుకుపోతారు. ఐదూ అయ్యాక ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి, భూతకాలం డిడ్‌లోనే వచ్చేసిందని చూపించి, స్టడీడ్‌ను వాళ్ల చేతే కొట్టేయించి స్టడీ అని రాయించండి. తర్వాత కలాం గారిని పక్కన పెట్టి, అవే ఐదు ప్రశ్నలు ఒకరి గురించి ఒకరు అడుక్కోమనండి.